కంటికి పెట్టిన కుంకుమ

ముందు మార్కండేయులు మీసం సంగతి చెప్పుకోవాలి. ధర్మవరంలో పట్టుచీరల షావుకార్లకు కూడా అంతటి మీసం లేదు. పొద్దున్నే నూనె రాసి, దువ్వి, కొసలు మెలిపెట్టి, అద్దంలో అటొకసారి ఇటొకసారి చూసుకుంటేగాని అంగడి తలుపు తీసేవాడు కాదు. అంగడంటే చీరల అంగడి అనుకునేరు, కాదు. నేతగాళ్ల ఇంట్లో పుట్టి, మగ్గం గుంటలోంచి లేచొచ్చి, వీడియో గేముల అంగడి పెట్టుకున్న మనిషి అతను. "మగ్గం ఇడిసిపెట్టి పిల్లకాయలతో టీవీ ఆట్లు ఆడుకుంటాడంట, బతికినట్లే!" అని వీధి వీధంతా నవ్వింది. అట్లా నవ్వినవాళ్ల పిల్లలే బడి వదలగానే పుస్తకాల సంచులతో సహా వచ్చి అతని గుమ్మంలో తోసుకునేవాళ్లు.

ఆ అంగడి మొదట్లో అతనొక్కడిదీ కాదు. హిందూపురం హనుమంతుతో కలిసి పెట్టింది. ధర్మవరంలో ఒకే రేడియో రిపేరు అంగట్లో ఇద్దరూ పని నేర్చుకున్నారు. ఒకే బీడీ సగం సగం కాల్చిన స్నేహం. తొంభైల మొదట్లో ఇద్దరూ ప్యాసింజర్ రైలెక్కి బెంగుళూరుకు పోయి, క్యాసెట్ పెట్టి ఆడే టీవీ గేము మిషన్లు తెచ్చారు. తిరిగొచ్చేటప్పుడు హిందూపురంలో దిగి హనుమంతు ఇంట్లో తిని, మర్నాడు ధర్మవరం చేరేవాళ్లు. హనుమంతు నాయన చెన్నప్ప పక్కనే కూర్చొని వడ్డించేవాడు. వద్దంటున్నా ఇంకో రాగిముద్ద తట్టలో వేసి, "తిను నాయనా, మొగమాటం ఎందుకు" అనేవాడు. కన్నతండ్రి పోయి అప్పటికి ఏడాదైనా కాలేదు కాబట్టి ఆ 'నాయనా' అన్న పిలుపు వింటే మార్కండేయులు ఆ ముద్దను కాదనలేక తినేసేవాడు. ఇది గుర్తుపెట్టుకోండి, దీంతో పనుంది.

అన్నీ బాగున్నాయి అనుకుంటుండగా తొంభై ఎనిమిదిలో హనుమంతు ఒక్కడే బెంగుళూరు పోయి, ఒక బూడిదరంగు డబ్బా తెచ్చాడు. పైన గుండ్రటి మూత. మూత ఎత్తి అందులో సీడీ పెట్టాలట. పేరు ప్లేస్టేషనట.

"క్యాసెట్ల కాలం అయిపాయప్పా మార్కండేయా," అన్నాడు హనుమంతు, పెళ్లికూతురిని చూసొచ్చినవాడిలా మెరిసిపోతూ. "మనది ఎనిమిది బిట్లు. ఇది ముప్పై రెండు బిట్లు. బొమ్మ చుట్టూ తిరిగి చూడొచ్చు. కారు గుద్దితే నిజ్జంగా గుద్దినట్లే ఉంటాది."

"బిట్లు తింటామా ఏందప్పా?" అన్నాడు మార్కండేయులు. "క్యాసెట్ పెడితే అప్పుడే ఆట మొదలవుతాది. నీ సీడీ పెడితే బొమ్మ వచ్చేలోపల టీ తాగి రావచ్చు. క్యాసెట్ కిందపడితే ఊది పెడతాం, ఆడతాది. సీడీకి గోరు తగిలితే గోవిందా."

"ఎన్నాళ్లప్పా ఊదుకుంటా బతికేది?"

ఆ మాట మార్కండేయులుకు చుర్రుమంది. ఊదడమంటే అతనికి విద్య. క్యాసెట్ అడుగున ఒక పక్కనుంచి ఇంకో పక్కకు, ఉమ్మి పడకుండా, పిల్లనగ్రోవి ఊదినట్లు ఊదేవాడు. ఎవరు ఊదినా పలకని క్యాసెట్ అతను ఊదితే పలికేదని పిల్లలు చెప్పుకునేవాళ్లు. అట్లాంటి మనిషిని పట్టుకొని ఆ మాట అనొచ్చునా? అనేశాడు. మాటకు మాట పెరిగింది. చివరికి హనుమంతు తన వాటా మిషన్లు కూడా వద్దని, ఆ బూడిదరంగు డబ్బా ఒక్కటి చంకన పెట్టుకొని హిందూపురం పోయి సొంతంగా అంగడి తెరిచాడు.

ఇక చూడండి రచ్చ! ధర్మవరం పిల్లలు క్యాసెట్ పార్టీ, హిందూపురం పిల్లలు సీడీ పార్టీ. ఎవరింటికైనా చుట్టాలుగా పోయిన పిల్లకాయ ఎదుటి ఊళ్లో నోరు జారితే చొక్కా గుండీలు మిగిలేవి కావు. "మీ సీడీగాడు" అని వీళ్లు, "మీ ఊదుడుగాడు" అని వాళ్లు. ఆ పేరు చెవిన పడ్డప్పుడల్లా మార్కండేయులు మీసం కొసలు ఇంకొంచెం పైకి మెలితిరిగేవి. ఆ మీసాన్ని అడ్డం పెట్టుకొనే పందానికి కబురు పంపాడు. "రెండు మిషన్లూ పక్కపక్కన పెడదాం. ఆడిన పిల్లకాయలే తీర్పు చెప్పాల. ఓడినోడు ఆడికాడే మీసం గీయించుకోవాల. దమ్ముంటే రమ్మను."

హనుమంతు దమ్ము లేనివాడు కాదు. వస్తానన్నాడు.

రెండూళ్లకు నడిమధ్య కాబట్టి పెనుకొండ ఖాయమైంది. అక్కడ బస్టాండు దగ్గర హనుమక్క అనే పెద్దామె టిఫిన్ హోటలు నడిపేది. ఇద్దరూ ఆమె చేతి ఉగ్గాని తిన్నవాళ్లే. ఆమె ఇంటి వసారాలో రంగుల టీవీ ఉంది. బళ్లకు సెలవు కాబట్టి ఆయుధపూజ నాడే పెట్టుకున్నారు. మీసాల పందెం అని తెలిసినప్పుడు మాత్రం హనుమక్క గరిటె కింద పెట్టేసింది.

"నీకేమప్పా మార్కండేయా, నీ తండ్రి పోయినాడు. హనుమంతు నాయన గుండ్రాయి మాదిరి బతికుండాడు. తండ్రి బతికుండంగా కొడుకు మీసం తీయొచ్చా? ఇంగేదన్నా పెట్టుకోండప్పా."

నిజమే, మన వైపు తండ్రి పోయిన నాడే కొడుకు మీసం తీస్తాడు. తండ్రికి ఇచ్చే కడపటి మర్యాద అది. ముందే తీస్తే తండ్రికి కీడు కోరినట్లే. అది మార్కండేయులుకు తెలియదా? బాగా తెలుసు. అయినా నవ్వి, "గెలిస్తే తీసే పనే ఉండదు కదక్కా. వాని మిషను మీద వానికి నమ్మకం లేదేమో అడుగు," అన్నాడు. ఆ మాటతో హనుమంతు వెనక్కు తగ్గే దారి మూసుకుపోయింది.

మిషన్లు రెండూ పెనుకొండకు వచ్చాయి కాబట్టి వాటి పూజా అక్కడే. హనుమంతు పెరట్లో కాళ్లు కడుక్కుంటున్నాడు. హనుమక్క బొరుగుల్లో పప్పులు, కొబ్బరిముక్కలు కలుపుతోంది. కుంకుమ తడిపిన గిన్నె మార్కండేయులు చేతిలో ఉంది. తన క్యాసెట్ మిషనుకు బొట్లు పెట్టాడు. తర్వాత ఆ బూడిదరంగు డబ్బా వైపు చూశాడు. పోటీ మిషనే. అయినా పనిముట్టు పనిముట్టే. బొట్టు లేకుండా వదిలేయడానికి మనసొప్పలేదు.

అక్కడ వచ్చింది చిక్కు. మగ్గం పూజలో అతని నాయన ఒక పట్టు పట్టేవాడు. "కుంకుమ కొయ్యకు పెడితే ఏముంది రా? పని పుట్టే తావున పెట్టాల" అని, పోగు మోసే నాడె మొనకు, పోగులు సర్దే అచ్చుకు, డిజైను అట్టలను తడిమే సూదులకు వెతికి వెతికి పెట్టించేవాడు. ఆ అలవాటు మార్కండేయులు వేళ్లలో ఉండిపోయింది. మూత ఎత్తాడు. "దీంట్లో పని చేసేది ఏదిరా?" అని హిందూపురం పిల్లలను అడిగాడు. "అదోన్నా, ఆ గాజు కన్ను. సీడీని చూసేది అదే," అన్నారు. మార్కండేయులు ఉంగరం వేలు కుంకుమలో ముంచి, నాయనను తలుచుకొని, ఆ చిన్న గాజు కంటికి భక్తిగా బొట్టు పెట్టాడు. చుట్టూ కూడా పెట్టాడు. మూత వేసి హారతిచ్చాడు. దేవుడి మీద ఆన, అతని మనసులో ఆ క్షణాన మరో ఆలోచన లేదు.

తర్వాత జరిగింది పెనుకొండలో ఇప్పటికీ చెప్పుకుంటారు. క్యాసెట్ మిషను నొక్కీ నొక్కకముందే పాట ఎత్తుకుంది. తుపాకుల ఆట, పిల్లల కేకలు, ఈలలు. హనుమంతు వంతు వచ్చింది. సీడీ పెట్టాడు, నొక్కాడు. మొదటి బొమ్మ వచ్చింది, ఆ తర్వాత నలుపు. మళ్లీ నొక్కాడు, నలుపు. సీడీ తీసి చొక్కాకు తుడిచాడు. ఇంకో సీడీ పెట్టాడు. లోపల ఎర్రగా కనిపించే ఉంటుంది, కానీ పండగ పూట ఎర్రగా లేనిది ఏముంది గనుక? ఆ కంగారులో దాన్నెవరు పట్టించుకుంటారు? చివరికి, అరిగిపోయిన మిషన్లకు చేసినట్లు, డబ్బాను తలకిందులుగా పెట్టి చూశాడు.

"యో, పల్టీ కొట్టించినాడప్పా!" అని మార్కండేయులు చప్పట్లు కొట్టాడు. "టీ చెప్పేదా హనుమంతా? మీ బొమ్మ వచ్చేలోపల తాగేసి వద్దాం!"

వసారా వసారా నవ్వింది. హిందూపురం నుంచి వచ్చిన పిల్లలు కూడా నవ్వారు. హనుమంతు చెమటలు కక్కుతూ నిలబడ్డాడు. వీధి అరుగు మీద కూర్చొని, మంగలాయనను పిలిపించి, అందరి ఎదుటా మీసం గీయించుకున్నాడు. హనుమక్క లోపలికి వెళ్లిపోయి మళ్లీ బయటికి రాలేదు. లేచి ముఖం తుడుచుకొని హనుమంతు ఒక్కటే అన్నాడు.

"మళ్లీ పందెం పెట్టి ఇదే తావున గెలిచేదాకా పెంచను."

"పెంచుకుందువులే, నీ మిషనుకు బుద్ధి వచ్చినాక," అన్నాడు మార్కండేయులు, మీసం మెలేస్తూ.

హనుమంతు మళ్లీ పందానికి కబురు చేశాడు. ఒకసారి కాదు. దీపావళికి చేశాడు, ఉగాదికి చేశాడు, తర్వాతి ఆయుధపూజకు కూడా చేశాడు. వచ్చినప్పుడల్లా మార్కండేయులు అంగట్లో పిల్లల ముందు ఆ కబురును చదివినట్లు చెప్పి, "గెలిచినోడు మళ్లా ఆడేది ఎందుకురా? ఓడినోనికి పని లేదు, నాకుండాది," అని నవ్వించేవాడు. ఆ డబ్బా తలకిందులుగా పెట్టడం అభినయించి చూపించేవాడు. ఏ పూట మాట్లాడాల్సింది లేకపోయినా ఆ కథ ఉండనే ఉంది. కబుర్లు రావడం ఆగిపోయాయి. రెండువేల ఒకటి వేసవిలో చెన్నప్ప పోయాడని తెలిసింది. పోదామనే అనుకున్నాడు. సెలవుల్లో అంగడి కిటకిటలాడుతోందని తనకు తాను చెప్పుకొని ఆగిపోయాడు. ఆ ఇంటి రాగిముద్ద తిన్న మనిషి కడచూపుకు కూడా పోలేదు, సిగ్గు లేకపోతే సరి.

పోనీ, అంతగా పూజించిన క్యాసెట్‌నైనా అంటిపెట్టుకొని ఉన్నాడా అంటే అదీ లేదు. కొత్తగా ఎదిగిన పిల్లలు క్యాసెట్ మిషనును చూసి, "ఇదేంటన్నా, మా చిన్నాయన కాలంది" అని మొహం మీదే అన్నారు. ఇంకో సంవత్సరం పళ్లబిగువున ఉండి, రెండువేల మూడులో మార్కండేయులు బెంగుళూరు పోయి, ఒక పాత బూడిదరంగు డబ్బా కొనుక్కొచ్చాడు. అదే గుండ్రటి మూత, అదే గాజు కన్ను. ఎవరైనా అడిగితే, "ముప్పై రెండు బిట్లప్పా, తమాషానా?" అన్నాడు, హనుమంతు మాటలే, హనుమంతు గొంతుతోనే.

ఆ ఏడు ఆయుధపూజ వచ్చింది. మార్కండేయులు స్నానం చేసి, మీసం దిద్దుకొని, కుంకుమ తడిపి, కొత్త మిషను మూత ఎత్తాడు. పని పుట్టే తావున బొట్టు పెట్టాడు. హారతైంది. పిల్లలు గుమ్మంలో తోసుకుంటున్నారు. సీడీ పెట్టి నొక్కాడు. మొదటి బొమ్మ వచ్చింది. తర్వాత నలుపు.

సీడీ తీసి చొక్కాకు తుడిచాడు. నలుపు. ఇంకో సీడీ పెట్టాడు. నలుపు. చేతులు వాటంతట అవే డబ్బాను తలకిందులు చేశాయి. గుమ్మంలో ఎవరో పిల్లవాడు కిసుక్కున నవ్వాడు. ఆ నవ్వు వినగానే మార్కండేయులు డబ్బాను మళ్లీ సరిగా తిప్పాడు. ఎక్కడో విన్న నవ్వే అది. మూత ఎత్తి, డబ్బాను కిటికీ వెలుతురులో పట్టుకున్నాడు. గాజు కన్ను నిండా ఎర్రటి పొర ఎండిపోయి ఉంది.

భార్య రత్నమ్మ భుజం మీదుగా తొంగి చూసింది. "అయ్యో నా మతి మండ! కంట్లో కుంకుమ కొడితే యాడ కనపడతాది? మనిషైనా అంతే కదా," అని, దీపం వత్తులకు తెచ్చిన దూదిలోంచి కొంచెం పీకి ఇచ్చింది. మార్కండేయులు తుడిచాడు. సీడీ పెట్టాడు. పాట ఎత్తుకుంది. పిల్లలు కేకలేశారు. మార్కండేయులు మాత్రం ఎర్రబడిన దూది పట్టుకొని అట్లానే కూర్చుండిపోయాడు.

పెనుకొండలో మిషను ఓడలేదు. హనుమంతు ఓడలేదు. తనే ఓడించాడు. తెలియకనే చేశాడు, నిజమే. కానీ అన్నేళ్లు వాని పేరు చెప్పి పిల్లలను నవ్వించింది తెలియకనా? మళ్లీ ఆడదాం రమ్మంటే పోనిది తెలియకనా? రత్నమ్మ ఏమైందని అడిగితే చెప్పలేక గోడ వైపు తిరిగి పడుకున్నాడు. భార్యకే చెప్పలేకపోయిన మాట హనుమంతుకు ఏ ముఖంతో చెప్పాలో ఎంత ఆలోచించినా తోచలేదు.

మర్నాడు, విజయదశమి పూట, హిందూపురంలో రైలు దిగి, స్టేషను ఎదుటి సెలూన్లో కూర్చున్నాడు. మీసం తీసేయమంటే అతను కత్తి ఎత్తినవాడు ఎత్తినట్లే ఆగి, "నాయన గాని..." అన్నాడు. "తీయప్పా" అన్నాడు మార్కండేయులు. అద్దంలో ఎవరో అనామకుడు కనిపించాడు. సరే, ఇప్పుడు లెక్క సరిపోతుందని ధైర్యం తెచ్చుకున్నాడు.

హనుమంతు అంగట్లో పిల్లలెవరూ ఇంకా రాలేదు. ఒక్కడే కూర్చొని సీడీలు తుడుస్తున్నాడు. పైపెదవి నున్నగా ఉంది. తలెత్తి చూసి, ఎవరో గుర్తుపట్టి, చటుక్కున లేచి నిలబడ్డాడు.

"ఏమప్పా మార్కండేయా... ఎవరు పోయినారు?"

అన్నేళ్ల తర్వాత కూడా వాడి గొంతులో మొదట పలికింది దిగులే. మార్కండేయులుకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

"ఎవరూ పోలేదు. నువ్వు కూర్చోప్పా, చెప్తా."

చెప్పాడు. కుంకుమ గిన్నె, నాయన పట్టు, గాజు కన్ను, నిన్నటి దూది, అంతా ఊపిరి తిప్పుకోకుండా చెప్పాడు. హనుమంతు చేతిలో సీడీ తుడవడం ఆపలేదు.

"నాకు తెల్సు," అన్నాడు చివరికి.

"ఏంది?"

"ఆ పొద్దే ఇంటికొచ్చి మూత తీసి చూస్తి. తుడిస్తే ఆడె."

"మరి... చెప్పలేదేమప్పా?"

"దేవుని పేరున పెట్టిన కుంకుమ, ఏమని చెప్పేది? తెలిసి పెట్టినాడో, తెలీక పెట్టినాడో అనుకుంటి. మళ్లా ఆడదాం రమ్మంటి. తెలీక పెట్టినోడైతే వస్తాడు కదా అని చూస్తి." సీడీని దాని కవరులో పెట్టాడు. "నువ్వు రాకపోతివి. ఇంకో రెండుతూర్లు కబురు చేస్తి. అప్పుడూ రాకపోతివి. తెలిసే పెట్టినావు అనుకొని ఇడిసిపెడ్తి."

"లేదప్పా! మా నాయన మీద ప్రమాణం, నాకు తెలీదు. నిన్ననే..."

"ఊ. ఇప్పుడు నమ్ముతాలే."

ఆ 'ఊ' చెంపదెబ్బ కన్నా గట్టిగా తగిలింది. తిట్టినా బాగుండేది. మార్కండేయులు బోడి పెదవిని చూపించి, బతిమాలే గొంతుతో అన్నాడు. "నేనూ తీసేసినాను చూడప్పా. పందెంలో ఓడింది నేనే. నువ్వు ఇంక పెంచుకో. కావాలంటే పెనుకొండకు పోయి హనుమక్క ముందర, అందరి ముందర చెప్తా."

హనుమంతు గోడకున్న పటం వైపు చూశాడు. దండ వేసిన పటంలో చెన్నప్ప, తెల్ల మీసాలతో, వడ్డించడానికి వంగబోతున్నట్లు ఉన్నాడు. పటం కింద నిన్నటి పూజ బొరుగులు.

"మీసం తీసి ఇల్లు చేరిన పొద్దు మా నాయన నన్ను చూసి నోరెత్తలేదు. తట్ట పక్కకు జరిపి లేచిపాయ. 'నేను పోయినాననుకున్నావా నాయనా' అని మరునాడు అడిగె, అంతే. ఆయన పోయిన దినం మంగలాయన వచ్చి నా తల గీసె. మీసం దగ్గరికొచ్చి కత్తి పట్టుకొని నా మొగం చూస్తా నిలబడె." హనుమంతు వేలితో తన నున్నటి పెదవిని ఒకసారి తడుముకున్నాడు. "అందరి కొడుకులూ తండ్రికి ఇచ్చేది, నా దగ్గర లేకపాయ మార్కండేయా."

అలవాటు కొద్దీ మార్కండేయులు చేయి మీసం మెలేయడానికి పైకి లేచింది. పటంలో చెన్నప్ప చూస్తుండగా ఆ చేతిని కిందికి దించుకొని, ఒడిలో పెట్టుకొని, తల వంచుకొని కూర్చున్నాడు.